పర్వత హోదాకు యాభై నాలుగు మీటర్లు

జువ్వలదిన్నె,
11 జనవరి 2025.

చిరంజీవి తమ్ముడు కృపాదానానికి అక్క నవోమి ఆశీస్సులు.

విషయం: మీ బావ కొండ చిన్నదైన సంగతి.

ఇక్కడ అందరం క్షేమం. ఫోను చేస్తే నవ్వి మాట మారుస్తావు కనుక ఈ సంగతి కాగితం మీద పెడుతున్నాను. అల్లూరు కచేరీలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసిన నాన్న, క్రిస్మస్‌కు కొత్త బట్టలు కావాలన్నా మన చేత అర్జీ రాయించేవాడు. విషయం లేని ఉత్తరం మనిషి లేని కుర్చీ అనేవాడు. ఆ అలవాటు మనిద్దరికీ పోలేదు. పోయే సూచనలూ లేవు.

నీ సిఫారసు మీద విశాఖలోని మీ పరిశోధన కేంద్రం వారు నిరుడు మీ బావ లాజరస్ పడవను కాపలా పనికి కుదుర్చుకున్నారు. తీరానికి ముప్పై ఎనిమిది మైళ్ళ దూరాన, నీళ్ళ అడుగున ఉన్న ఒక కొండ మీద, భూకంపనాలను వినే పెట్టెలు ఆరింటిని మీవాళ్ళు దించారు. వలలు వాటిని ఈడ్చుకుపోకుండా పదేసి రోజులు అక్కడే నిలబడి, వచ్చే పడవలను పక్కకు పొమ్మనడం ఆయన ఉద్యోగం. తోడుగా పెంచల్, ముసలి హజరత్తయ్య ఉంటారు. కనబడని కొండను కాసే మనిషి ప్రపంచంలో తానొక్కడేనని మీ బావ నమ్మకం.

నిన్న కేంద్రం నుంచి కాగితం వచ్చింది. సదరు భూస్వరూపం పర్వతం కాదని తేలినందున కాపలా మార్చి 31తో రద్దు అని అందులో ఉంది. మీ బావ దాన్ని మూడుసార్లు చదివించుకుని, “యాడికి పోయిందంట కొండ? మొన్న ఆదివారం గూడా ఉండిందే” అన్నాడు. “మనం సరిగ్గా కాయలేదన్నా. ఎవుడో ఎత్తుకుపోయుంటాడు” అని పెంచల్.

నవ్వు అలా ఉంచు. ఈ పనిని నమ్ముకుని వలలు, ఐసు పెట్టెలు అన్నీ ఇచ్చేశాం. మళ్ళీ వేటకు పోవాలంటే మీ బావకు పడవ తప్ప మరేమీ మిగల్లేదు. కొండ ఎంత తక్కువైందో కనుక్కో. కొంచెమే అయితే, అంత కొండలో ఆ కాస్త నువ్వు సర్దలేవా?

నీ అక్క,
నవోమి


సాగరగర్భ పర్వత పరిశోధన కేంద్రం,
విశాఖపట్నం,
2 ఫిబ్రవరి 2025.

అక్కకు తమ్ముడు కృపాదానం వందనాలు.

విషయం: గుట్టకూ పర్వతానికీ గల భేదం.
సూచిక: నీ 11-1-2025 నాటి ఉత్తరం.

నీ అర్జీ అందింది. సముద్రగర్భ పర్వతాల పుట్టుకను నిర్ణయించే విభాగానికి నేను అధికారిని. విభాగంలో నేను కాక ఒక కుర్చీ, ఒక పటం ఉన్నాయి. కనుక సాధికారంగా చెప్పగలను.

బావ కాస్తున్నది చచ్చిన అగ్నిపర్వతం. భూమి లోపల ఒకచోట కరిగిన రాయి దీపంలా నిలకడగా మండుతూ ఉంటుంది. దాని మీదుగా సముద్రపు నేల, దీపం మీద అట్టముక్కను లాగినట్టు, ఏడాదికి బెత్తెడు చొప్పున జరిగిపోతుంది. అట్ట మీద వరుసగా మసి చుక్కలు పడినట్టే నేల మీద వరుసగా కొండలు లేస్తాయి. దీపాన్ని దాటిన కొండ చల్లారుతుంది. ఆ పైన కోట్ల ఏళ్ళ పాటు నదులు తెచ్చిన బురద దాని పాదాలను కప్పుతుంది. కొండ బరువుకు చుట్టుపక్కల నీళ్ళు దాని వైపు ఒరుగుతాయి. ఉపగ్రహాలు ఆ చిన్న ఉబ్బును చూసే దీని జాడ పట్టాయి. అంటే బావ పడవ ఎప్పుడూ కాస్త ఎత్తు మీదనే నిలబడి ఉంటుంది. ఈ సంగతి ఆయనకు చెప్పవద్దు, బత్తా అడుగుతాడు.

మా నిబంధన ప్రకారం చుట్టూ ఉన్న నేల నుంచి వెయ్యి మీటర్లు లేస్తే పర్వతం, తగ్గితే గుట్ట. గుట్టలు మా పరిధిలోకి రావు. గుట్టల విభాగం ఇంకా ఏర్పడలేదు. ఇక్కడ నేల 1160 మీటర్ల లోతున ఉంది, శిఖరం 212 మీటర్ల లోతున ఉంది, ఎత్తు 948. యాభై రెండు మీటర్ల కొరత వల్ల బావ కాపలా, నా విభాగం, పైన పేర్కొన్న కుర్చీ రద్దు కావలసి ఉంది.

పరిస్థితులను సానుభూతితో పరిశీలించిన మీదట శిఖరపు లోతును 158 మీటర్లుగా సవరించాను. ఎత్తు 1002. పై రెండు మీటర్లు జాగ్రత్త కోసం. మూల కొలతల ఫైలు ఒక్కటే ఉంది, దిద్దింది దాన్నే. జనవరి కాగితం లెక్క పొరపాటు వల్ల వెళ్ళిందని పైకి రాశాను. చనిపోయి కోట్ల ఏళ్ళయిన కొండ తన ఎత్తు గురించి ఎవరికీ ఫిర్యాదు చేయబోదు.

విధేయుడు,
కృపాదానం


జువ్వలదిన్నె,
27 ఏప్రిల్ 2025.

చిరంజీవి కృపాదానానికి,

విషయం: పర్వతం నిమిత్తం కృతజ్ఞతా కూడిక.

కాపలా పొడిగించిన కాగితం అందింది. చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టించాం. పర్వతాలను ఎత్తుగా నిలిపిన దేవునికి పాస్టరు గారు స్తోత్రం చెప్పారు. దీన్ని ఎవరు ఎత్తు చేశారో నాకు తెలుసు కనుక, సంఘ కార్యదర్శిగా మినిట్సులో ఆ వాక్యం రాయకుండా వదిలేశాను.

ఇప్పుడు వేట నిషేధం కాలం. రేవులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. అనుమతితో సముద్రం మీదికి పోయేది మీ బావది ఒక్కటే. ఆయన నడక మారింది. నిషేధానికి ముందు మన రేవు చెంచురామయ్య వల పడవ అక్కడికి వస్తే జరిగిన సంభాషణను ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాడు.

“మామా, పక్కకు పో. ఇది గవర్నమెంటు పర్వతం. వెయ్యిన్ని రెండు మీటర్లు.”

“యాడుందిరా పర్వతం? నీళ్ళే గదా.”

“నీకు కనపడేదైతే నన్నెందుకు పెడతారు మామా?”

ఒక చిన్న సంగతి. ఆయన మెడలో వెండి గొలుసు నల్లబడింది. పెంచల్ ఉంగరమూ అంతే. అక్కడ గాలి ఒక్కొక్కప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తోందట. పెంచల్ స్నానం చేయకపోవడమే కారణమని హజరత్తయ్య నిర్ధారించాడు. నువ్వేమంటావు?

నవోమి


విశాఖపట్నం,
9 జులై 2025.

అక్కకు,

విషయం: బావ ఇంజను చేస్తున్న చప్పుడు.

నీ ఉత్తరంలోని వాసన మా విభాగం పరిధిలోకి రాదు.

ఆగస్టు నెలాఖరున కొత్త యంత్రాలున్న ఓడ ఒకటి మన పర్వతాన్ని తిరిగి కొలవబోతోంది. శిఖరం 212 దగ్గర దొరుకుతుంది. నా పుస్తకంలో 158 ఉంటుంది. ఆ తర్వాత నేను ఎక్కడ దొరుకుతానో నీకు తెలియపరుస్తాను. మా డైరెక్టరు నరేంద్రబాబు గారు మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. పర్వతానికి పేరు పెట్టే ఉపసంఘం మూడుసార్లు సమావేశమై, ఉపసంఘానికి పేరు పెట్టింది.

ఇంకొకటి. అడుగున ఉన్న ఆరు పెట్టెలూ మే నెల నుంచి ఒక మంద్రమైన గురగుర చప్పుడును నమోదు చేస్తున్నాయి. అది కాపలా పడవ ఇంజను మోత అని సమీక్షా సంఘం తీర్మానించింది. తీర్మానం మీద నేనూ సంతకం చేశాను. చప్పుడు మరీ ఎక్కువగా ఉన్నది జూన్ 3 నుంచి 14 వరకు. ఆ రోజుల్లో బావ ఇంజనును ఎందుకంత కష్టపెట్టాడో కనుక్కుని రాయగలవు.

కృపాదానం


జువ్వలదిన్నె,
3 ఆగస్టు 2025.

చిరంజీవి కృపాదానానికి,

విషయం: 1. ఇంజను నిర్దోషిత్వం. 2. తాడు మిగులు.

జూన్ 3 నుంచి 14 దాకా ఆ ఇంజను కృష్ణపట్నంలో ఒక మెకానిక్ షెడ్డులో, నాలుగు ముక్కలుగా, గోనెపట్టా మీద ఉంది. పడవ ఇక్కడ గట్టు మీద ఉంది. మీ బావ మంచం మీద ఉన్నాడు. కొండ మీద ఎవరూ లేరు. తీర్మానం సంగతి మీరే చూసుకోవాలి.

ఇక రెండోది. కాపలా కాస్తూ కూరకు నాలుగు చేపల కోసం రాయి కట్టిన తాడు దించుతారు. చేతులు బార చాపి తాడును కొలవడం హజరత్తయ్య పని. జనవరిలో నూట ఇరవై బారలు వదిలితే రాయి నేలకు తగిలేది. ఇప్పుడు తొంభైకే తగులుతోంది.

“డెబ్బై ఏళ్ళకి నీ చేతులు పెరుగుతుండాయా ఏంది పెద్దాయనా?” అని పెంచల్ అడిగాడట.

“నా చేతులు కాదురా. కిందుండేది పెరిగింది.”

పెంచల్ నవ్వాడట, మీ బావ నవ్వాడట. ముసలాయన తాడును ఇంకోసారి కొలిచి, చుట్ట చుట్టి పక్కన పెట్టి, ఆ పూట అన్నం తినలేదట.

మిగిలిన ముప్పై బారల తాడును మీ బావ ఇంటికి తెచ్చాడు. దాంతో బట్టలారేసే దండెం కట్టుకున్నాను. గట్టి తాడు.

నవోమి


విశాఖపట్నం,
12 సెప్టెంబరు 2025.

అక్కకు,

విషయం: అంకెల ఏకీభావం.

ఓడ తిరిగి వచ్చింది. శిఖరపు లోతు 158.3 మీటర్లని తేల్చింది.

పాత యంత్రాలతోనే ఇంత ఖచ్చితంగా కొలిచినందుకు డైరెక్టరు గారు నన్ను సభలో అభినందించారు. దశాంశం వదిలేసినందుకు అదే రోజు మెమో కూడా ఇచ్చారు. మొదటి రెండు రోజులు నేను అందరికీ కాజాలు పంచాను. మూడవ రోజు నీ ఆగస్టు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

బావను ఇక అక్కడికి పోనివ్వకు. నడుము నొప్పి అని వైద్యుడి పత్రం తీసుకుంటే చాలు. నిన్న ఫోనులో చెబితే నవ్వాడు. కారణాలు రాయడం ప్రస్తుతం సాధ్యపడదు.

కృపాదానం


జువ్వలదిన్నె,
22 సెప్టెంబరు 2025.

తమ్ముడూ,

విషయం: నీ ఉత్తరంలో లేని విషయం.

కారణాలు నువ్వు రాయలేదు కనుక నేను రాస్తున్నాను. తప్పుంటే దిద్దు.

నూట ఇరవై బారలంటే రెండు వందల పన్నెండు మీటర్లు. తొంభై బారలంటే సుమారు నూట యాభై ఎనిమిది. నువ్వు ఆ అంకె దిద్దిన నాడు కొండ అక్కడ లేదు. ఓడ పోయేనాటికి నీ అంకె దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడు నెలల్లో యాభై నాలుగు మీటర్లు లేచింది. చచ్చిందని నువ్వన్నది ఈ కొండనే. నీ పుస్తకంలో ముందునుంచీ 158 ఉంది కనుక అది కదిలినట్టు మీ కేంద్రంలో ఎవరికీ తెలియదు. తెలిసింది నీకు, నాకు, హజరత్తయ్యకు. సర్దమని నిన్ను అడిగింది నేనే. అది మరిచిపోలేదు.

మీ బావకు అంతా చెప్పాను. ఆయన ఇలా అన్నాడు:

“నడుం నొప్పని అబద్ధం నేనెందుకు చెప్పాల? ఒప్పందంలో ఉండాది, రాతపూర్వక ఉత్తర్వు లేకుండా చోటు ఇడవగూడదని. ఇడిస్తే ఆ పెట్టెలకేమయినా నాదే పూచీ. నీ తమ్ముడు ఆఫీసరు గదా. పిలిపించమను.”

నిన్న కొండ మీది నుంచి తిరిగొచ్చాడు. ఈసారి తాడు ఎనభై బారలకే ఆగిందట. అక్టోబరు 6న మళ్ళీ పోవాలి. అక్కడ ఆ ముగ్గురూ పడవ చెక్క మీద పడుకుంటారు, కృపాదానం. కింద ఏముందో తెలిసి కూడా పడుకుంటారు. ఉత్తర్వు పంపు.

నవోమి


విశాఖపట్నం,
2 అక్టోబరు 2025.

అక్కకు,

విషయం: నేరాంగీకారంపై తీసుకున్న చర్య.

నీ లెక్కలో తప్పు లేదు.

సెప్టెంబరు 26న, ఫిబ్రవరిలో అంకె దిద్దింది నేనేనని ఒప్పుకుంటూ డైరెక్టరు గారికి వినతిపత్రం ఇచ్చాను. కొండ మీద కాపలాను వెంటనే ఎత్తేయమని అందులో వేడుకున్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు.

“నువ్వు అబద్ధం రాశానంటావు. ఓడ పోయి కొలిస్తే అంతే వచ్చింది. నిజమైన అంకెను పట్టుకుని అబద్ధం అంటావేమిటయ్యా? ఓడ వాళ్ళు బాధపడరూ?”

“అప్పుడు 212 ఉండింది సార్.”

“ఆధారం?”

“నేనే చెరిపేశాను సార్.”

“చూశావా” అన్నారు.

అయినా ఆయన న్యాయమైన మనిషి. విచారణ సంఘం వేశారు. అది జనవరిలో సమావేశమవుతుంది. అప్పటిదాకా 212, 158 రెండూ పరిశీలనలో ఉన్న అంకెలే కనుక, పర్వతం పెరిగిందనీ పెరగలేదనీ కేంద్రం అనజాలదు. వివాదంలో ఉన్న పర్వతానికి కాపలా మరింత అవసరమని కూడా నమోదైంది.

ఇందుతో ఒక ఉత్తర్వు జతపరిచాను. లాజరస్ గారి పడవ తక్షణం రేవుకు తిరిగి రావాలని ఉంది. ముద్ర కేంద్రానిదే. సంతకం నరేంద్రబాబు గారిదిలాగే ఉంటుంది. ఇది నా రెండవ దొంగ పత్రం. మొదటిదానికి రెండు రోజులు పట్టింది, దీనికి అరగంట.

కృపాదానం


జువ్వలదిన్నె,
11 అక్టోబరు 2025.

తమ్ముడూ,

విషయం: ఉత్తర్వు అమలు, తదనంతర పరిణామాలు.

ఉత్తర్వు 5న అందింది. మీ బావ ముద్రను వెలుతురుకు పెట్టి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, “సరే” అన్నాడు. అప్పటి నుంచి పడవ గట్టు మీదనే ఉంది.

కాపలా లేచిందని తెల్లారేసరికి రేవంతా తెలిసింది. ఏడాదిగా ఎవరి వలా పడని చోటు అది. మూడు రోజుల్లో పద్దెనిమిది పడవలు అక్కడికి పోయాయి. వలలు నిండుగా వస్తున్నాయి. చేపలు వాటంతటవే పైకి తేలుతున్నాయని, నీళ్ళు విరిగిన పాలలా ఉన్నాయని నవ్వుకుంటూ చెబుతున్నారు. పడవకు ఆరేసి మంది, కృపాదానం. మేం ముగ్గురిని దించాం. నూరు మంది ఎక్కారు.

మీ బావ గట్టు మీద నిలబడి వద్దని చెప్పాడు. చెంచురామయ్య వల సర్దుకుంటూ, “నిన్నటిదాకా పక్కకు పొమ్మన్నావు, జీతం కోసరం. ఇయ్యాల ఎందుకంటుండావు? ఉద్యోగం ఊడిన కడుపుమంటకా అల్లుడా?” అన్నాడు. మీ బావ నీ ఉత్తర్వు తీసి చూపించాడు. అందులో ‘పరిపాలనా కారణాల వల్ల’ అని రాశావు. చెంచురామయ్య చదివి, మర్యాదగానే తిరిగి ఇచ్చాడు.

పరిపాలనా కారణానికి ఎవడూ పడవ తిప్పడు. రేపు ఆదివారం అందరూ ఒడ్డున ఉంటారు. సోమవారం వేకువన మళ్ళీ పోతారు. జరిగింది జరిగినట్టు రాసి, ఈసారి నీ సంతకం నువ్వే పెట్టు. ముందు ఫోటో తీసి నా ఫోనుకు పంపు; కాగితం తర్వాత రావచ్చు. నిన్ను ఏం చేస్తారో నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. ఈ ఉత్తరాన్ని కూడా ఫోటో తీసే పంపుతున్నాను.

అక్క


విశాఖపట్నం,
12 అక్టోబరు 2025.

జువ్వలదిన్నె రేవు పడవల యజమానులకు, పడవల మీద పోయే వారందరికీ.

విషయం: నేను చెప్పిన అబద్ధం.

రేవుకు ముప్పై ఎనిమిది మైళ్ళ దూరాన, నీళ్ళ అడుగున ఒక అగ్నిపర్వతం ఉంది. దాని శిఖరం పోయిన డిసెంబరులో 212 మీటర్ల లోతున ఉండేది. నా విభాగాన్ని, నా బావ ఉద్యోగాన్ని కాపాడుకోవడానికి నేను దాన్ని 158 అని దిద్దాను. ఆగస్టులో ఓడ కొలిచినప్పుడు అది నిజంగానే 158కి లేచి ఉంది. సెప్టెంబరులో హజరత్తయ్య గారి తాడు ప్రకారం సుమారు 141కి వచ్చింది. ఈ మూడు కొలతల్లో శాస్త్రీయమైనది ఆయనదే.

అది చల్లారిన పర్వతమని మేం రాసుకున్నాం. చల్లారినవి పెరగవు. ఎందుకు పెరుగుతోందో నాకు తెలియదు. ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆగినప్పుడు ఏమవుతుందో తెలియదు. తెలిసిన వారు ఈ కేంద్రంలో లేరు. నీటిలో వాసన, తేలే చేపలు, విరిగిన రంగు దాని నుంచి వస్తున్నవేనని నా నమ్మకం.

కాపలా పడవను వెనక్కి పిలిచిన ఉత్తర్వు కూడా నేను సృష్టించిన దొంగ పత్రమే. లాజరస్ గారికి ఇందులో ఏ తప్పూ లేదు.

అక్కడికి ఎవరూ పోవద్దు. నా మీద కేసు పెట్టదలచిన వారు ఈ కాగితాన్నే సాక్ష్యంగా వాడుకోవచ్చు. ముందు ఒడ్డున ఉండండి.

(సం.) కృపాదానం


జువ్వలదిన్నె,
21 అక్టోబరు 2025.

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

విషయం: నీ ప్రకటనపై స్పందన.

ఆదివారం ఆరాధన కాగానే చర్చి మైకును రేవు వైపు తిప్పించి నీ ప్రకటన చదివాను. తర్వాత రేవుకు వెళ్ళి మళ్ళీ చదివాను.

“ఎవురాయన?” అని అడిగారు. నా తమ్ముడు అన్నాను.

చెంచురామయ్య నా ఫోను తీసుకుని, పెద్దది చేసి, చివరి దాకా చదివాడు. “ఆఫీసోళ్ళు మన మీద ఎన్నయినా రాస్తారు. తన మీద తాను ఇట్టా రాసుకునేవోణ్ణి నేను చూళ్ళేదు. ఈ కాయితంతో జైలుకు పోతాడు గదమ్మా. అయితే నిజమే” అన్నాడు. ఆయన వల దించేశాడు. సోమవారం పద్దెనిమిది పడవల్లో ఒక్కటీ కదలలేదు. ఈ వారమంతా కదలలేదు. నెల్లూరు నుంచి ఐసు లారీలు వచ్చి ఖాళీగా పోతున్నాయి. నన్ను ఎవరూ ఒక్క మాటా అనలేదు. నాకదే కష్టంగా ఉంది.

నిన్ను సస్పెండు చేసినట్టు పత్రికలో చూశాను. నీ పేరు, నీ వయసు, నీ నేరం అన్నీ సరిగా వేశారు. కొండ లోతులు మాత్రం వేయలేదు. నువ్వు ఇక్కడికి వచ్చి ఉండు. వచ్చే ముందు ఉత్తరం అక్కర్లేదు.

నిన్న మధ్యాహ్నం మీ కేంద్రం వారి కొత్త కాపలా పడవ మన రేవు ముందు నుంచే తూర్పుకు పోయింది. ఇక్కడివాళ్ళు కారు. ముగ్గురున్నారు. మనవాళ్ళు గట్టు మీద నుంచి కేకలేసి చేతులూపితే, వాళ్ళూ సంతోషంగా చేతులూపారు.

మీ బావ పొద్దున అల్లూరు పోయి నీ ప్రకటనకు జిరాక్సులు తీయించుకొచ్చాడు. ఇప్పుడు పడవను నీళ్ళలోకి తోయిస్తున్నాడు. పెంచల్‌ను, హజరత్తయ్యను ఎక్కనివ్వలేదు. నేను పోవద్దనలేదు. చేతిలో ఆరు కాపీలున్నాయి. అక్కడుండేది ముగ్గురే కదా, ఆరెందుకని మాత్రం అడిగాను.

“ఈళ్ళు తిరిగొస్తే ఆఫీసోళ్ళు ఊరుకుంటారా? ఇంకో ముగ్గుర్ని పంపుతారు” అన్నాడు.

నవోమి